పాట కట్టడం, మంచం అల్లడం: స్వీయ సృజనలో సంతృప్తి స్వరూపం

వ్యాససంగ్రహం:
ఎవరి ఆజ్ఞా లేకుండా, జీవనోపాధి కోసం కాకుండా, మనిషి తనంతట తాను పూనుకొని ఒక పాటనో పద్యాన్నో, ఒక పీటనో మంచాన్నో తయారుచేసినప్పుడు ఒక ప్రత్యేకమైన సంతృప్తి కలుగుతుంది. భారతీయ అలంకారశాస్త్రం సహృదయుని ఆనందాన్ని విస్తృతంగా చర్చించింది. సాహిత్యచరిత్ర కృతిభర్తల వితరణను నమోదు చేసింది. నిర్మాతకు నిర్మాణం వల్లనే కలిగే తృప్తి మాత్రం ఈ రెండింటి నడుమ ప్రత్యేక పరిశీలనకు అంతగా నోచుకోలేదు. తెలుగు క్రియాపదాలు, ఛందోనియమాలు, వీణ తయారీ, గృహస్థుల చేతిపనులు, ఆధునిక మనోవిజ్ఞాన ప్రయోగాలు ఆధారంగా ఆ తృప్తికి మూలమైన షరతులను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం. స్వేచ్ఛగా ఎంచుకోవడం, పదార్థం లేదా నియమం ఎదురునిలవడం, పని పూర్తికావడం అనే మూడూ కలిసినప్పుడే అది సిద్ధిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: స్వీయ సృజన, సంతృప్తి, పనితనం, కృతి, ఛందస్సు, వీణ, వృత్తి, ప్రవృత్తి.

1. ఉపోద్ఘాతం

'వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు, ప్రవృత్తిరీత్యా కవి' అనే పరిచయవాక్యం తెలుగు సభల్లో తరచుగా వినిపిస్తుంది. ఇందులో వృత్తి బతుకుతెరువును, ప్రవృత్తి మనసు మొగ్గే దిశను సూచిస్తాయి. జీతం వచ్చే పని ముగిసిన తరువాత మిగిలిన కొద్ది సమయాన్ని జీతం రాని మరొక పనికి వెచ్చించేవారు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. న్యాయవాదిగా పనిచేస్తూ రావిశాస్త్రి కథలు, నవలలు రాశారు. పోతన వ్యవసాయంతో జీవిస్తూ భాగవతాన్ని తెనిగించాడని, దానిని రాజులకు అంకితమివ్వడానికి అంగీకరించలేదని సంప్రదాయం చెబుతుంది. పేరు తెలియని గృహిణులు తిరగలి ముందు కూర్చుని పాటలు కట్టారు. పొలం పని లేని రోజుల్లో రైతులు నులక పేని తమ మంచాలు తామే అల్లుకున్నారు.

ఈ పనులన్నిటినీ ఒకే వరుసలో ఉంచవచ్చునా అన్న సందేహం సహజం. సాహిత్యాన్ని లలితకళగా, మంచం అల్లడాన్ని చేతిపనిగా వేరుచేయడం విద్యావ్యవస్థకు అలవాటు. వినియోగదారుని వైపు నుంచి చూస్తే ఈ విభజనకు అర్థం ఉంది. పాట చెవికీ మనసుకూ, మంచం ఒంటికీ ఉపకరిస్తాయి. నిర్మాత వైపు నుంచి చూసినప్పుడు ఈ భేదం ఎంతవరకు నిలుస్తుందన్నది పరిశీలించవలసిన విషయం.

2. భాష ఇచ్చే సాక్ష్యం

తెలుగులో ఇల్లు కడతారు, పాటా కడతారు, పాటకు వరసా కడతారు. బుట్ట అల్లుతారు, మంచం అల్లుతారు, పద్యమూ అల్లుతారు. వడ్రంగి చెక్కను చిత్రిక పట్టినట్లే రచయిత వాక్యాన్ని చిత్రిక పడతాడు. రాయిని చెక్కే శిల్పి పని నుంచి వచ్చిన 'శిల్పం' అనే మాట కథానికా విమర్శలో నిర్మాణ నైపుణ్యానికి పారిభాషిక పదంగా స్థిరపడింది. బంగారంలో రత్నాన్ని పొదిగినట్లు పాదంలో పదాన్ని పొదుగుతారు.

వీటిని కేవలం అలంకారికమైన పోలికలుగా తీసిపారేయడానికి వీలులేదు. ఈ క్రియలను రెండు వర్గాలుగా విభజిస్తే వాటిలోని ఆలోచన స్పష్టమవుతుంది. కట్టు, అల్లు, పొదుగు, కూర్చు అనేవి చేర్చే క్రియలు. చెక్కు, చిత్రిక పట్టు అనేవి తీసివేసే క్రియలు. ఏ నిర్మాణమైనా ఈ రెండు దశలనూ దాటుతుంది. చేర్చే దశలో ఉత్సాహం ప్రధానం. తీసివేసే దశలో వివేచన ప్రధానం. తనకు నచ్చిన చరణమే అయినా పాటకు బరువైనప్పుడు దానిని కొట్టివేయడం, అందమైన నగిషీ అయినా పీట నిలకడకు భంగం కలిగిస్తే దానిని విడిచిపెట్టడం ఒకే రకమైన నిర్ణయాలు. పని చేతకానివాడు చేర్చడంతో ఆగిపోతాడు. పనితనం తెలిసినవాడికి తీసివేయడంలోనూ సుఖం ఉంటుంది.

'కృతి' అనే పదం కూడా ఇక్కడ గమనింపదగినది. తెలుగులో అది కావ్యానికీ, సంగీతరచనకూ వర్తిస్తుంది. వ్యుత్పత్తిని బట్టి దాని అర్థం 'చేయబడినది'. అదే ధాతువు నుంచి వచ్చిన 'కృతార్థుడు', 'కృతకృత్యుడు' అనే పదాలు లోలోపలి తృప్తిని చెబుతాయి. చేయవలసినది చేసి ముగించినవాడే కృతకృత్యుడు. అంటే ఈ తృప్తిని భాష భోగంతోనో విశ్రాంతితోనో కాక, చేసి పూర్తిచేయడంతో ముడిపెట్టింది.

3. అలంకారశాస్త్రంలో నిర్మాత స్థానం

తెలుగు కావ్యసంప్రదాయంలో ఒక కృతి చుట్టూ ముగ్గురు ఉంటారు. రచించేవాడు కృతికర్త, అంకితం పొందేవాడు కృతిభర్త, ఆస్వాదించేవాడు సహృదయుడు. అవతారికలు కృతిభర్త వంశాన్నీ దాతృత్వాన్నీ వర్ణిస్తాయి. రసచర్చ సహృదయుని హృదయాన్ని కేంద్రంగా చేసుకుంటుంది.

మమ్మటుడు కావ్యప్రకాశంలో కావ్యానికి ఆరు ప్రయోజనాలు చెప్పాడు. అవి కీర్తి, ధనం, వ్యవహారజ్ఞానం, అమంగళ నివారణ, తక్షణం కలిగే పరమానందం, కాంతాసమ్మితమైన ఉపదేశం. వీటిలో కీర్తి, ధనం కవికి దక్కేవి. అయితే అవి కావ్యం లోకంలోకి వెళ్లిన తరువాత ఇతరులు ఇచ్చేవి. తక్షణ పరమానందాన్ని ప్రధానంగా రసాస్వాదంగానే వివరించారు. అభినవగుప్తుని గురువు భట్టతౌతుడు నాయకునికీ, కవికీ, శ్రోతకూ కలిగే అనుభవం సమానమని చెప్పాడు. దీనివల్ల కవి ఆనందానికి చోటు దొరికినా, అది కవి కూడా ఒక సహృదయుడు కావడం వల్ల కలిగే ఆనందం.

నిర్మాణం వల్ల కలిగే తృప్తి దీనికి భిన్నమైనది. కరుణరస ప్రధానమైన ఘట్టం రాసి ముగించిన కవికి కలిగే 'కుదిరింది' అన్న భావం కరుణరసాస్వాదం కాదు. అది మొండి పలకను నున్నగా చిత్రిక పట్టిన వడ్రంగి అరచేతితో దానిని తడిమి చూసుకున్నప్పటి భావానికి దగ్గరగా ఉంటుంది. రసం కృతి చెప్పే విషయాన్ని ఆశ్రయిస్తే, ఈ తృప్తి కృతి కుదిరిన తీరును ఆశ్రయిస్తుంది. ఈ భేదాన్ని గుర్తిస్తే పాటను, పీటను ఒకే చర్చలోకి తీసుకురావడం సాధ్యమవుతుంది.

4. ఎదురునిలిచే పదార్థం

'కుదరడం' అనే భావానికి ముందు 'కుదరకపోవడం' ఉండాలి. ఏ అడ్డూ లేనిచోట కుదిరిందన్న మాటకు అర్థం లేదు. ఉత్పలమాల పాదంలో భ, ర, న, భ, భ, ర, వ గణాలు వరుసగా రావాలి. అక్షరాలు 20. పదవ అక్షరం యతిస్థానం. నాలుగు పాదాల్లోనూ రెండవ అక్షరానికి ప్రాస కుదరాలి. భావం ఎంత గొప్పదైనా గురువు ఉండవలసిన చోట లఘువు పడితే పాదం నడవదు. కవి మరొక పదం వెతకాలి. ఆ వెతుకులాటలో మొదట అనుకోని పదం దొరికి, భావమే కొత్త మలుపు తిరగడం పద్యరచన అలవాటున్నవారికి తెలిసిన విషయం. నియమం ఇక్కడ సంకెల పాత్రతో పాటు సహకారి పాత్రనూ నిర్వహిస్తుంది.

చెక్కకు కూడా ఒక ఛందస్సు ఉంది. దాని పోగు ఒక దిశలో నడుస్తుంది. ఆ దిశకు ఎదురుగా చిత్రిక పడితే పెళ్లలు లేస్తాయి. పచ్చికర్ర ఆరేకొద్దీ కుంచించుకుపోయి అతుకులు వదులవుతాయి. మంచపు పట్టెలు కోళ్లలో తొలిచిన రంధ్రాలలో బిగువుగా కూర్చోవాలి. కొలత స్వల్పంగా తప్పినా నాలుగు కోళ్లూ నేలకు ఆనవు. నులక అల్లేటప్పుడు ఒకవైపు బిగువు తగ్గితే అటువైపు కుంగుతుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు సాకులు చెప్పడానికి మనిషి ముందు వీలుందేమో గాని మంచం ముందు వీలులేదు. దానిమీద కూర్చున్న మరుక్షణం అది తీర్పు చెబుతుంది.

దారుశిల్పం, గానం ఒకే వస్తువులో కలిసే ఉదాహరణ వీణ. బొబ్బిలి వీణకు పనసకర్ర వాడతారు. ఒకే దుంగ నుంచి మొత్తం వీణను తొలిచి చేసే పద్ధతి అక్కడి ప్రత్యేకత. ఇటువంటి వీణను ఏకాండి వీణ అంటారు. కుండను తొలిచేటప్పుడు ఒకచోట ఉలి లోతుగా దిగితే తీసిన కర్రను తిరిగి అతికించే వీలు లేదు. కర్రపని ముగిసిన తరువాత 24 మెట్లను మైనపు మిశ్రమంపై అమర్చాలి. ఒక స్థాయికి 12 స్వరస్థానాల చొప్పున రెండు స్థాయిలకు సరిపోయే ఈ అమరికను మేళం కట్టడం అంటారు. కొలబద్ద కొంతవరకే తోడ్పడుతుంది. చివరి నిర్ణయం చెవిది. అప్పటిదాకా చేతికీ కంటికీ లోబడిన కర్ర ఆ క్షణం నుంచి శ్రుతికి జవాబు చెప్పాలి.

ఆంగ్ల దారుశిల్పి, రచయిత డేవిడ్ పై 1968లో వెలువడిన తన గ్రంథంలో పనితనాన్ని రెండుగా విభజించాడు. ఫలితం ముందే నిర్ణయమై ఉండే యంత్రోత్పత్తి వంటిది నిశ్చితమైన పనితనం. పని జరుగుతున్నంతసేపూ ఫలితం చేసేవాని నేర్పు మీద, జాగ్రత్త మీద ఆధారపడి ఉండేది అపాయంతో కూడిన పనితనం. వీణ కుండను తొలవడం రెండవ రకానికి చెందుతుంది. పాట కట్టడం కూడా అటువంటిదే. ఆఖరి పాదం దాకా పాట చెడిపోయే అవకాశం ఉంటుంది. చెడిపోగలిగినది చెడిపోకుండా నిలిచినప్పుడు కలిగే తృప్తి, చెడిపోవడానికి వీలేలేని పనిలో కలగదు.

5. మనోవిజ్ఞాన ప్రయోగాల వెలుగులో

మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి 1975లో ప్రచురించిన అధ్యయనంలో చదరంగం ఆటగాళ్లు, పర్వతారోహకులు, సంగీతరచయితలు, శస్త్రవైద్యులు మొదలైనవారి అనుభవాలను పరిశీలించాడు. పని కష్టానికీ చేసేవాని సామర్థ్యానికీ సమతూకం ఉన్నప్పుడు మనసు ఆ పనిలో లీనమై కాలస్పృహ తగ్గుతుందని ఆయన వివరించాడు. ఈ స్థితికి ఆయన పెట్టిన పేరు 'ప్రవాహం'. పని మరీ సులువైతే విసుగు, మరీ కష్టమైతే ఆందోళన కలుగుతాయి. పైన చెప్పిన నియమం, పదార్థం అనే ఎదురుశక్తుల ప్రాధాన్యాన్ని ఈ సిద్ధాంతం బలపరుస్తుంది. అయితే ప్రవాహం పని జరుగుతున్నప్పటి స్థితి. సంతృప్తి పని ముగిసిన తరువాత వెనుదిరిగి చూసుకున్నప్పటి స్థితి. పద్యపాదం కుదరక రాత్రంతా వేదన పడిన కవికి ప్రవాహం లభించకపోవచ్చు. తెల్లవారి పాదం కుదిరితే సంతృప్తి మాత్రం లభిస్తుంది.

పూర్తికావడానికి ఉన్న ప్రాముఖ్యాన్ని నార్టన్, మోచన్, ఏరియలీ 2012లో ప్రచురించిన ప్రయోగాలు చూపించాయి. విడిభాగాలను తామే అమర్చి పెట్టెలు చేసినవారు, కాగితాలు మడిచి బొమ్మలు చేసినవారు తాము చేసిన వస్తువులకు ఇతరులు కట్టినదానికన్నా ఎక్కువ విలువ కట్టారు. చేసినదానిని విప్పివేసినప్పుడు గాని, పని మధ్యలో ఆగిపోయినప్పుడు గాని ఆ అదనపు విలువ కనిపించలేదు. శ్రమించినంత మాత్రాన తృప్తి రాదని, శ్రమ ఒక రూపానికి చేరాలని దీనినుంచి గ్రహించవచ్చు. సాయంత్రానికి చెరిగిపోయే ముగ్గు దీనికి అపవాదంగా తోచవచ్చు. కాని ముగ్గు చెరగడానికి ముందు పూర్తవుతుంది. చుక్కలన్నిటినీ చుట్టివచ్చిన గీత మొదలైన చోటికే చేరి కలుసుకున్నప్పుడు ఆ పని ముగిసినట్లే. సంతృప్తికి కావలసినది పూర్ణత. శాశ్వతత్వం దానికి షరతు కాదు.

బహుమతి ప్రభావం గురించి లెప్పర్, గ్రీన్, నిస్బెట్ 1973లో ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధమైనది. బొమ్మలు గీయడం ఇష్టమున్న చిన్నపిల్లలను మూడు బృందాలుగా విభజించారు. గీస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ఒక బృందానికి ముందే చెప్పారు. రెండవ బృందానికి చెప్పకుండా, గీసిన తరువాత ఇచ్చారు. మూడవ బృందానికి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తరువాత తరగతిలో స్వేచ్ఛగా వదిలినప్పుడు, మొదటి బృందంలోని పిల్లలు బొమ్మలు గీయడానికి మిగిలినవారు వెచ్చించిన సమయంలో దాదాపు సగమే వెచ్చించారు. అనుకోకుండా వచ్చిన బహుమతి హాని చేయలేదు. ముందే ఒప్పందంగా మారిన బహుమతి ఇష్టాన్ని తగ్గించింది. ఎవరి కోసం, ఎందుకోసం చేస్తున్నామన్న ప్రశ్నకు సమాధానం మారినప్పుడు పని స్వభావమే మారుతుందని ఈ ప్రయోగం సూచిస్తుంది.

6. ఎంపిక ప్రశ్న: వృత్తి, కులం, కూలి

ఇంతవరకు జరిగిన చర్చకు ఒక ప్రమాదం పొంచి ఉంది. పనిలోనే తృప్తి ఉందని, ప్రతిఫలం దానిని తగ్గిస్తుందని చెప్పే వాదాన్ని చేతివృత్తులవారికి తక్కువ కూలి ఇవ్వడానికి సమర్థనగా వాడుకోవచ్చు. కొండపల్లి పొణికి కర్రతోనో ఏటికొప్పాక అంకుడు కర్రతోనో బొమ్మలు చేసి కుటుంబాన్ని పోషించుకునే కళాకారునికీ, సెలవురోజున సరదాగా ఒక బొమ్మ చెక్కే ఉద్యోగికీ పదార్థం ఒకటే కావచ్చు. పరిస్థితి ఒకటి కాదు. రెండవవాడు నచ్చనప్పుడు మానుకోగలడు. మొదటివాడు మానుకోలేడు. పిల్లల ప్రయోగంలోని ప్రశంసాపత్రానికీ శ్రామికుని కూలికీ పోలిక లేదు. కూలి బతుకుకు ఆధారం. తృప్తి దానికి బదులు కాజాలదు.

కారల్ మార్క్స్ 1844 నాటి రాతప్రతులలో శ్రామికుడు తాను చేసిన వస్తువు నుంచీ, చేసే పని నుంచీ పరాయీకరణ చెందుతాడని వివరించాడు. భారతీయ సమాజంలో ఈ ప్రశ్నకు మరొక ముఖం ఉంది. డా. బి. ఆర్. అంబేడ్కర్ 1936లో ప్రచురించిన 'కులనిర్మూలన'లో కులం కేవలం శ్రమ విభజన కాదని, శ్రామికుల విభజన అని ప్రతిపాదించాడు. పుట్టుకతో నిర్ణయమైన వృత్తిలో వ్యక్తి సహజశక్తికి, అభిరుచికి స్థానం లేదని, మనసూ బుద్ధీ లగ్నం కాని పనిలో సమర్థత ఎలా వస్తుందని ఆయన ప్రశ్నించాడు. సంతృప్తి చర్చకు ఇది కీలకమైన సవరణ. పదార్థం ఎదురునిలవడం, పని పూర్తికావడం అనే రెండు షరతులూ వంశపారంపర్య వృత్తిలోనూ ఉంటాయి. లోపించేది ఎంపిక. వడ్రంగి కుమార్తె పాట కట్టడానికీ, గాయకుని కుమారుడు కర్రపని నేర్వడానికీ సమానమైన వీలున్న సమాజంలోనే స్వీయ సృజన అన్న మాట పూర్తిగా సార్థకమవుతుంది.

నిర్బంధ శ్రమ నడుమ కూడా మనిషి ఎంపికకు కొంత చోటు వెతుక్కుంటాడనడానికి శ్రామికగేయాలు సాక్ష్యం. తిరగలి విసరడం, వడ్లు దంచడం స్త్రీలు ఎంచుకున్న పనులు కావు. ఆ పనికి తోడుగా కట్టిన పాట మాత్రం వారిది. విసురు లయ ఆ పాటకు ఛందస్సు అయింది. బిరుదురాజు రామరాజు మొదలైన పరిశోధకుల కృషి వల్ల జానపదగేయాలు గ్రంథస్థమయ్యాయి. వాటిని కట్టిన స్త్రీల పేర్లు చాలావరకు దక్కలేదు. కీర్తి, ధనం రెండూ లేనిచోట పాట పుట్టిందంటే, మమ్మటుడు చెప్పిన మొదటి రెండు ప్రయోజనాలకు వెలుపల మరొక ప్రేరణ ఉన్నదని అంగీకరించక తప్పదు.

7. విద్యారంగానికి అన్వయం

ఈ పరిశీలన విశ్వవిద్యాలయ విద్యకు నేరుగా వర్తిస్తుంది. ఛందస్సు పాఠ్యాంశంగా ఉన్నచోట విద్యార్థులు సాధారణంగా ఇచ్చిన పాదానికి గణవిభజన చేసి, యతిని గుర్తించి మార్కులు పొందుతారు. సొంతంగా నాలుగు పాదాలు కూర్చే సందర్భం అరుదు. గణాలు గుర్తించడం ఇతరులు చేసిన మంచానికి కొలతలు తీయడం వంటిది. తప్పులతోనైనా ఒక పద్యం పూర్తిచేసిన విద్యార్థికి యతి ఎందుకు ఉందో చెవితో తెలుస్తుంది. 1937 వార్ధా విద్యాసదస్సులో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీమ్ చేతిపనిని విద్యకు కేంద్రంగా భావించింది. చేతిపని నుంచి గ్రహించిన ఈ సూత్రాన్ని భాషాసాహిత్య బోధనకు కూడా అన్వయించుకోవచ్చు.

పరిశోధనకూ ఇదే వర్తిస్తుంది. సిద్ధాంతగ్రంథం ఎంపిక చేసుకున్న అంశంతో మొదలై, లొంగని ఆధారాలతో ఏళ్ల తరబడి పెనుగులాడి, ఒక రూపంలో ముగిసే కృతి. దానిలోని ప్రతి దశనూ వ్యాసాల సంఖ్యగా, అంకెలుగా, పదోన్నతి అర్హతలుగా మాత్రమే లెక్కించినప్పుడు, ప్రశంసాపత్రం ఆశ చూపిన పిల్లల విషయంలో జరిగినదే పరిశోధకుని విషయంలోనూ జరిగే అవకాశం ఉంది. పట్టా వచ్చిన తరువాత ఆ అంశాన్ని మళ్లీ ముట్టుకోని పరిశోధకుని స్థితిని వ్యక్తిగత బద్ధకంగా మాత్రమే చూడడం సరికాదు.

8. ముగింపు

పై చర్చ నుంచి ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. తెలుగు క్రియాపదాలు గేయరచననూ చేతిపనినీ ఒకే నిర్మాణప్రక్రియగా గుర్తించాయి. ఆ ప్రక్రియలో చేర్చడం, తీసివేయడం అనే రెండు దశలున్నాయి.

2. నిర్మాత సంతృప్తి రసాస్వాదం కన్నా, కీర్తిధనాల కన్నా భిన్నమైనది. అది కృతి కుదిరిన తీరును ఆశ్రయిస్తుంది.

3. స్వేచ్ఛగా ఎంచుకోవడం, పదార్థమో నియమమో ఎదురునిలవడం, పని పూర్ణతకు చేరడం ఈ సంతృప్తికి మూడు షరతులు. వీటిలో ఏది లోపించినా ఆనందమో ఆదాయమో మిగలవచ్చు గాని కృతార్థత మిగలదు.

4. ఈ సంతృప్తి చేతివృత్తులవారి న్యాయమైన ప్రతిఫలానికి ప్రత్యామ్నాయం కాదు. ఎంపికకు అవకాశం లేని చోట దానిని గురించి మాట్లాడేటప్పుడు కులం, లింగభేదం, కూలి అనే వాస్తవాలను విస్మరించరాదు.

అలంకారశాస్త్రం కావ్యం చదివేవాని హృదయంలోకి ఎంతో దూరం ప్రయాణించింది. రచించేవాని చేతుల వైపు చూడవలసిన పని ఇంకా మిగిలి ఉంది. ఆ పనికి ప్రాచీన లక్షణగ్రంథాలతో పాటు వీణకు మేళం కట్టే కళాకారుని మాటలు, పాట కట్టిన స్త్రీల జ్ఞాపకాలు, తన మంచం తానే అల్లుకున్న రైతు అనుభవం కూడా ఆధారాలు కావలసి ఉంది. ఆ చేతిపనులు తెలిసిన తరం ఉండగానే క్షేత్రపరిశోధన జరగడం అవసరం.